రాజవొమ్మంగి కళ్లతో టారో బొమ్మలు

టారో కట్టలో 78 కార్డులుంటాయి. వాటిలో 22 పెద్ద బొమ్మలు. మిగతా 56 మనం ఆడే పేకకు దగ్గర చుట్టాలు: కర్రలు, గిన్నెలు, కత్తులు, నాణేలు అని నాలుగు జాతులు, ఒక్కో జాతికి 14 కార్డులు. 15వ శతాబ్దంలో ఉత్తర ఇటలీలో, మిలాన్, ఫెరారా ప్రభువుల కొలువుల్లో ఇవి ఆటకోసమే పుట్టాయి. జోస్యం చాలాకాలం తర్వాత వచ్చి చేరింది. 1781లో కూర్ ద జెబెలాన్ అనే ఫ్రెంచి పండితుడు, ఈ బొమ్మల్లో ప్రాచీన ఈజిప్టు పూజారుల జ్ఞానం దాగి ఉందని రాశాడు. ఈజిప్టు లిపిని షాంపోలియన్ 1822లో గానీ చదవలేకపోయాడు కాబట్టి, జెబెలాన్ మాటకు అప్పట్లో ఆధారం ఉండే వీలే లేదు. అయినా ఆ మాటే జనంలో నిలిచింది.

ఇప్పుడు ప్రపంచమంతా ఎక్కువగా వాడుతున్న కట్ట 1909లో లండన్‌లో అచ్చయింది. ఆలోచన ఎ.ఇ. వెయిట్‌ది, బొమ్మలు పమేలా కోల్మన్ స్మిత్‌వి. అంతకుముందు చాలా కట్టల్లో ఏడు నాణేల కార్డంటే ఏడు నాణేలు వరసగా గీసి ఉండేవి, అంతే. స్మిత్ అలాంటి అంకె కార్డుల్లోకీ మనుషుల్ని, పనుల్ని, వాతావరణాన్ని తెచ్చింది. కార్డుకు సొంత అర్థం చెప్పుకునే వీలు ఈ చిత్రకారిణి వల్లే కలిగింది. ఆమెకు దక్కాల్సిన పేరు మాత్రం చాలాకాలం దక్కలేదు.

తెలుగునాట బొమ్మ తీసి జాతకం చెప్పడం కొత్త కాదు. చిలక జోస్యంలో కట్టలోంచి చిలక ఒక అట్ట లాగుతుంది, దాని మీద దేవుడి బొమ్మ ఉంటుంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం రామచిలకను పంజరంలో పెట్టడం నేరం కాబట్టి ఆ వృత్తి ఇప్పుడు బాగా తగ్గింది. ఆ పద్ధతికి ఒక బలం ఉండేది. పట్టాభిషేకం బొమ్మ వస్తే జోస్యుడు నోరు విప్పకముందే అడిగినావిడ ముఖం విప్పారేది. అశోకవనంలో సీత బొమ్మ వస్తే అడిగినావిడకు ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు. కథ ఇద్దరికీ తెలుసు. టారో బొమ్మల్లోవి కోటలు, బిషప్పులు, మంచుకొండలు. తెలుగు పాఠకుడికి వాటి వెనక కథ తెలియదు. అందుకే చాలామంది కట్టతో వచ్చే చిన్నపుస్తకం బట్టీపడతారు. అంతకన్నా మేలైన దారి ఇంకొకటుంది. పుస్తకం మూసి, బొమ్మలో ఉన్నదాన్ని ఉన్నట్టు చూసి, తాను పుట్టిపెరిగిన నేల మీద నిలబడి అర్థం చెప్పుకోవడం. తూర్పు కనుమల్లోని రాజవొమ్మంగిని ఆ నేలగా తీసుకుంటే కొన్ని కార్డులు పూర్తిగా వేరే మాట చెబుతాయి.

పది కర్రల కార్డులో ఒక మనిషి పది కర్రల్ని గుండెలకు హత్తుకుని, ముఖం వాటిలో దూర్చి, వంగి నడుస్తుంటాడు. ముందు ఇల్లు కనిపిస్తుంటుంది. పుస్తకం చెప్పే అర్థం మోయలేని భారం. ఏజెన్సీ దారుల్లో కట్టెల మోపుతో ఇంటికి నడిచే ఆడవాళ్లను చూసిన కన్ను ముందు బరువును చూడదు, ఎత్తుకున్న తీరును చూస్తుంది. మోపు తలమీద ఉంటే నడుం నిటారుగా ఉంటుంది, దారి కనిపిస్తుంది. బొమ్మలోని మనిషి మోపును ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. ఇంకో సంగతి: ఆ కర్రలకు ఆకులున్నాయి. పచ్చికట్టె బరువెక్కువ, పొయ్యిలో పెడితే పొగే. కొండమీద పొయ్యికోసం వెళ్లినవాళ్లు ఎండుకట్టె ఏరుకుంటారు. కాబట్టి ఈ కార్డు పడ్డవారిని అడగాల్సినవి రెండు ప్రశ్నలు. ఇంకా ఎండని పనిని ఎందుకు నెత్తికెత్తుకున్నావు? దించి, మళ్లీ కట్టి ఎత్తుకుంటే ఎలా ఉంటుంది? భారం ఎక్కువైందన్న ఓదార్పు కన్నా ఈ ప్రశ్నలు పనికొస్తాయి.

ఏడు నాణేల కార్డులో ఒక కుర్రాడు పార మీద గడ్డం ఆనించి, పొదకు కాసిన నాణేలను చూస్తుంటాడు. ఆరు పొదమీద, ఒకటి కాళ్ల దగ్గర. పుస్తకం దీన్ని ఓపిక అంటుంది. జీడిమామిడి మొక్క నాటితే కాపుకు మూడు నాలుగేళ్లు పడుతుందని ఇక్కడి రైతుకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఓపిక అతనికి ముందునుంచీ ఉంది. అతని ఆలోచన ఈలోగా ఏం తినాలన్నది, అందుకే మొక్కల మధ్య చిరుధాన్యాలో కందో చల్లుతాడు. కాళ్ల దగ్గరున్న ఆ ఒక్క నాణెం అదే. పోడు నేల చేసుకునే ఇంటివారికైతే ఇంకో ప్రశ్న ముందుకొస్తుంది: ఆ పొద ఉన్న నేల ఎవరి పేరున ఉంది? 2006 అటవీ హక్కుల చట్టం కింద పట్టా చేతికి అందినవాడు ఆ పొదను చూసే చూపు, అందనివాడి చూపు ఒకటి కావు.

అన్నిటికన్నా ఎక్కువ మారిపోయేది ‘ది టవర్’, పెద్ద బొమ్మల్లో 16వది. కొండ కొమ్మున బురుజు, దానిమీద పిడుగు, ఎగిరిపోతున్న కిరీటం, కిటికీల్లో మంటలు, తలకిందులుగా పడుతున్న ఇద్దరు. పుస్తకాలు ఎక్కువగా దీన్ని విపత్తనే చెబుతాయి. ఈ కార్డు పడితే చాలామందికి చేతులు వణుకుతాయి. అయితే రాజవొమ్మంగికి కూలిన బురుజు కథ ఒకటి ఉంది. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్లను అల్లూరి సీతారామరాజు దళం ముట్టడించింది. మూడోరోజు ఆయుధాలతోపాటు ఒక మనిషి కూడా బయటికొచ్చాడు. రాజవొమ్మంగి స్టేషన్లో బందీగా ఉన్న వీరయ్యదొరను విడిపించారు. అధికారుల వైపు నుంచి చూస్తే ఆరోజు పడింది టవర్ కార్డే. కటకటాల వెనకున్న వీరయ్యదొర వైపు నుంచి చూస్తే తలుపు తెరుచుకుంది. బొమ్మలో కిందపడుతున్నది పైఅంతస్తులో ఉన్నవారు. బురుజు అడుగున ఎవరైనా బందీగా ఉన్నారేమో చిత్రం చెప్పదు, చదివేవారే అడగాలి. ఉద్యోగం పోయిందనో పెళ్లి చెడిందనో ఈ కార్డు ముందు కూర్చున్న మనిషిని, ‘ఈ బొమ్మలో నువ్వెక్కడున్నావు?’ అని అడిగితే వచ్చే జవాబు ఏ పుస్తకంలోనూ దొరకదు.

‘ది మూన్’ కార్డుకు భ్రమ, భయం అని పేరుపడింది. కరెంటు దీపం లేని దారి నడిచినవారికి వెన్నెల భయంకరం కాదు, ఆసరా. గుంటలోంచి పాకి వస్తున్న రొయ్యలాంటి ప్రాణి, మొరిగే కుక్క, తోడేలు, వాటి మధ్యగా సాగే బాట. బాట కనిపిస్తుంది, బాటమీద ఏముందో స్పష్టం కాదు. నడవొచ్చు, నెమ్మదిగా.

13వ కార్డు చావు. ‘ఇది నిజంగా చావు కాదు, మార్పు’ అని హడావిడిగా సర్దిచెప్పడం ఇప్పుడు అలవాటైంది. అది బొమ్మకు అన్యాయం. చావు ఎక్కి వస్తున్న గుర్రం కింద రాజు నిజంగానే చచ్చి పడి ఉన్నాడు. బిషప్పు చేతులు జోడించాడు, యువతి ముఖం తిప్పుకుంది, పసివాడు మాత్రం తలెత్తి చూస్తున్నాడు. ఇంట్లో ఎవరో పోయి, ఆ దుఃఖంతో వచ్చినవారికి ఆ నలుగురిలో తాము ఎవరో చెప్పుకునే చోటు ఇవ్వాలి. జ్వరం గురించి అడిగితే మాత్రం కార్డు తీయకూడదు. మలేరియా తిరిగే ఏజెన్సీలో జ్వరానికి జవాబు రక్తపరీక్ష.

ఏ కార్డు వస్తుందన్నది కేవలం కలపడాన్ని బట్టే. 78లో ఒకటి, అంతే. ఆ కాగితానికి రేపటి సంగతి తెలుసనడానికి రుజువు లేదు. సొంత అర్థం చెప్పుకోవడంలో అసలు ప్రమాదం మరోటి: చదివేవారు తమ బతుకును ఎదుటివారి మీద రుద్దడం. వరదలో ఇల్లు పోయినవారికి టవర్ కార్డు చూపించి విముక్తి అనడం క్రూరత్వం. పాడేరు, అరకు వైపు కొండల్లో మంచిరోజు చూడ్డానికీ, జబ్బుకు కారణం అడగడానికీ దిసారి అనే జోస్యుడి దగ్గరికి వెళ్తారు. వచ్చినవారి ఇల్లూ, పొలమూ, తగాదాలూ ఆయనకు ముందే తెలుసు. పట్నంలో ముక్కూమొహం తెలియనివారికి కార్డు వేసేవారికి ఆ తెలివిడి ఉండదు. అందుకని వారు ముందు వినాలి, ఆ తర్వాతే కట్ట విప్పాలి.

నేర్చుకునేవారు రోజుకో కార్డు తీసి, పుస్తకం చూడకుండా, బొమ్మలో కనిపించినవన్నీ రాసుకోవడం మంచి సాధన. ఎవరున్నారు, ఏం పట్టుకున్నారు, ఎటు చూస్తున్నారు, వెనక ఏముంది. ఆ తర్వాత అలాంటి దృశ్యం తమ ఊళ్లో ఎక్కడ చూశారో ఒక వాక్యం. చివర్లో పుస్తకం తీసి రెండు అర్థాలూ పక్కపక్కన పెట్టాలి. కొన్ని కార్డులకు రెండూ ఒకటే అవుతాయి. మూడు గిన్నెల కార్డులో పాత్రలెత్తి ఆడుతున్న ముగ్గురు ఆడవాళ్లు ఏ ఊళ్లోనైనా పండగే. మంచుకొండ మీద లాంతరు పట్టుకున్న ముసలాయన, తొమ్మిదో కార్డు ‘ది హెర్మిట్’, లాంటివాటికి ఏళ్ల తరబడి పుస్తకం అర్థమే మిగలొచ్చు. తలకిందులుగా పడిన కార్డుకు వేరే అర్థం చెప్పే పద్ధతి ఉంది గానీ, నిటారు బొమ్మలన్నీ ఒక చుట్టు రాసుకోవడం పూర్తయ్యేదాకా దాని జోలికి పోనక్కర్లేదు.