విశ్వకర్మ పటంలో కొలిమి ఏదీ?

ఆయుధపూజ నాడు పీణ్యలో లేతు మిషన్లకు కుంకుమ పెట్టి, బూడిద గుమ్మడికాయ కొడతారు. గోడమీద విశ్వకర్మ పటం: తెల్లగడ్డం, హంస, చేతిలో పుస్తకం, కొలబద్ద. పటం అందంగానే ఉంది, కానీ నాకో లోటు కనిపిస్తుంది. పంచాణం వారి సంప్రదాయంలో ఆయన కొడుకులు అయిదుగురు. మనువుది ఇనుము, మయుడిది కర్ర, త్వష్టది రాగి-కంచు, శిల్పిది రాయి, విశ్వజ్ఞుడిది బంగారం. పటం గీసినాయన మేస్త్రీని గీశాడు గాని కమ్మరిని మరిచాడు. కొలిమి లేదు, తిత్తి లేదు, దాగలి లేదు. కంటికి కనబడని వస్తువు పేరు నోట్లోంచీ జారిపోతుంది. ఇక్కడ కన్నడంవాళ్ళు 'కులుమె' అంటే మన పిల్లలకు కొలిమి గుర్తు రావాలి గదా, రెండూ ఒక్క వేరు మాటలే! హంసను తీసెయ్యమనను. పక్కన ఒక కొలిమి రాజెయ్యమంటాను, అంతే. దాగలిని మీ ఊళ్ళో ఏమంటారో పెద్దల్నడిగి రాయండి.