ఆలోచించుకుంటానన్న అమ్మాయి

మొదటిసారి 'లెస్కివ్' చూసినప్పుడు నాకు లిదియా మీద కోపం వచ్చింది. క్రిమో అంత దిగులుగా తిరుగుతున్నాడే, ఇష్టమో కాదో ఒక్క మాట చెప్పేస్తే ఈ పిల్లకేం పోయింది అనుకున్నాను. రెండోసారి చూసినప్పుడు నా కోపానికి నాకే సిగ్గేసింది. సినిమాలో మగపిల్లల వాదన కూడా సరిగ్గా అదే.

అబ్దెల్లతీఫ్ కెషీష్ 2003లో తీసిన ఈ ఫ్రెంచి సినిమా పారిస్ ఉత్తర శివారు సెన్-దెనిలో, వలస కుటుంబాలు ఎక్కువగా ఉండే పేదల అపార్ట్‌మెంట్ల మధ్య నడుస్తుంది. అక్కడి పిల్లలు బడిలో మారివో రాసిన 1730 నాటి హాస్యనాటకం వేస్తుంటారు. ఆ నాటకంలో సిల్వియా అనే ధనికుల అమ్మాయి, తనను చేసుకోబోయేవాడు ఎలాంటివాడో తెలుసుకోవడానికి పనిపిల్ల లిజెత్‌తో వేషం మార్చుకుంటుంది. లిజెత్ వేషం లిదియాది. ఆమెకు దగ్గరవ్వాలని క్రిమో తన వస్తువులు స్నేహితుడికిచ్చి ఆర్లెకాన్ వేషం సంపాదిస్తాడు. పాపం, డైలాగు నోట పలకదు. రిహార్సల్లో ముద్దు పెట్టుకోబోతాడు. "ఆలోచించుకోవాలి" అంటుంది లిదియా.

సినిమా పేరుకి అర్థం దెబ్బ తగలకుండా పక్కకి తప్పుకోవడం. నాటకం గౌను కోసం దర్జీతో లిదియా చేసే బేరం, ఆడపిల్లల ఊపిరాడని పోట్లాటలు మనల్ని నవ్విస్తాయి. ఆ పోట్లాటల్లో వాళ్ళు వాడేవి మగపిల్లల తిట్లే. బతకాలంటే ఆ భాషే కావాలి మరి.

క్రిమో స్నేహితుడు ఫాతీ వచ్చేసరికి నవ్వు ఆగిపోతుంది. లిదియాతో జవాబు చెప్పించమని ఫ్రిదా మీద చెయ్యి చేసుకుంటాడు, ఆమె సెల్‌ఫోను లాక్కుంటాడు. అతని దృష్టిలో అది స్నేహితుడికి సాయం. తర్వాత అదే పిల్లలమీద పోలీసులు విరుచుకుపడతారు. చాలామందికి ఆ దృశ్యమే గుర్తుండిపోతుంది. ఆ దౌర్జన్యం చూసి మండిపడే మనం, దానికి ముందు ఫ్రిదాకి జరిగింది మర్చిపోతాం.

మనుషులు ఎంత వేషం మార్చినా పుట్టిన వర్గాన్ని దాటలేరని చెబుతుంది టీచరు. నాకు తోచింది ఇంకోటి. సిల్వియా పరీక్షించి చూసుకోవడానికి తండ్రి నవ్వుతూ ఒప్పుకున్నాడు. లిదియాకి నాలుగు రోజుల గడువు కూడా ఎవరూ ఇవ్వలేదు. వెంటపడితే చివరికి ఒప్పుకుంటుందని చెప్పే తెలుగు సినిమాలు చూసి పెరిగిన నేనూ ఇవ్వలేదు.

2005లో ఉత్తమ చిత్రంతో సహా నాలుగు సీజర్ అవార్డులు వచ్చాయి దీనికి. లిదియాగా సారా ఫొరెస్తియేకీ ఒకటి. అయినా నాకో అసంతృప్తి ఉంది. సినిమా క్రిమో గదిలోకీ, జైల్లో ఉన్న తండ్రి మీద అతని బెంగలోకీ తీసుకెళ్తుంది. లిదియా ఏం ఆలోచించిందో చెప్పదు.

చివర్లో ఆమే వచ్చి కిందనుంచి క్రిమోని పిలుస్తుంది. అతను పలకడు. ఆ మౌనానికి కారణం చెప్పమని ఎవరూ ఎవరి చెయ్యీ మెలిపెట్టరు.