ఇంజన్‌ని చివర చూడండి

పాత అమెరికన్ మజిల్ కారు కొనబోయేవాళ్లు ఏది ముందు చూడాలి, ఏది తర్వాత చూడాలి అన్నదానికి ఒక వరస ఉంది. ఇప్పుడు ఎక్కువమంది పాటిస్తున్న వరస దానికి పూర్తిగా తలకిందులుగా ఉందని నా అభిప్రాయం. మామూలుగా జరిగేది ఇది: అమ్మేవాడు బానెట్ ఎత్తి తాళం తిప్పుతాడు. పెద్ద వీ8 ఇంజన్ గుడగుడమంటూ అందుకుంటుంది, కారంతా ఒక పక్కకు ఊగుతుంది. ఆ చప్పుడుకే సగం బేరం కుదిరిపోతుంది. తర్వాత రంగు చూస్తారు, సీట్లు చూస్తారు. కింద రేకు దాకా, కాగితాల దాకా వచ్చేసరికి మనసు ఎప్పుడో ఒప్పేసుకుని ఉంటుంది. అలా కాకుండా, ఎంత డబ్బు పెట్టినా సరిచేయలేనిదాన్ని అన్నిటికంటే ముందు చూడాలి. సరిచేయడానికి ఒళ్లు హూనమయ్యేదాన్ని ఆ తర్వాత చూడాలి. విప్పి మార్చుకోగలిగినవాటిని చివరికి వదిలేయాలి. ఈ లెక్కన కారు పుట్టుక మొదటిది, రేకు రెండోది, ఇంజన్ మూడోది అవుతాయి. అమెరికాలో స్థిరపడ్డ తెలుగువాళ్లలోనూ ఈ కార్ల మీద మనసు పడేవాళ్లు ఉన్నారు కాబట్టి, ఈ వరస ఎందుకో కాస్త వివరంగా చెప్పాలి.

పుట్టుక అంత ముఖ్యం కావడానికి కారణం ఈ కార్లు తయారైన తీరులోనే ఉంది. 1964లో పాంటియాక్ కంపెనీ చీఫ్ ఇంజనీర్ జాన్ డెలోరియన్ బృందం టెంపెస్ట్ లెమాన్స్ అనే మధ్యరకం కారులో 389 క్యూబిక్ అంగుళాల పెద్ద ఇంజన్ పెట్టింది. ఆ సైజు కారులో 330కి మించిన ఇంజన్ పెట్టకూడదని పాంటియాక్ మాతృసంస్థ జనరల్ మోటార్స్‌లో నియమం ఉండేది. దాన్ని దాటడానికి జీటీవో అనే ఈ కారుని కొత్త మోడల్‌గా కాకుండా, లెమాన్స్ కొనేవాళ్లు అదనంగా కోరుకునే ప్యాకేజీగా అమ్మారు. తొలి ఏడాదే 32,450 కార్లు అమ్ముడుపోవడంతో మిగతా కంపెనీలూ ఆ దారే పట్టాయి. అంటే మజిల్ కారు అన్నది చాలా సందర్భాల్లో మామూలు కుటుంబాల కారే, ఆర్డరు ఫారంలో ఒకట్రెండు గళ్లు ఎక్కువ నింపితే వచ్చింది. ఫ్యాక్టరీలో అలా తయారైనదాన్ని ఈరోజు ఓ షెడ్డులో కూడా అలాగే తయారు చేయొచ్చు. మామూలు లెమాన్స్‌కి జీటీవో బ్యాడ్జీలు, గ్రిల్లు, పెద్ద ఇంజన్ తగిలిస్తే పైకి తేడా కనిపించదు. ధరలో తేడా మాత్రం చాలా పెద్దది. ఇలాంటివాటిని క్లోన్ అనీ, కాస్త మర్యాదగా ట్రిబ్యూట్ అనీ అంటారు. అది క్లోన్ అని చెప్పి, క్లోన్ ధరకే అమ్మితే అందులో తప్పేమీ లేదు. చెప్పకుండా అసలు ధరకు అమ్మితే అది మోసం.

అందుకని ముందుగా చదవాల్సింది డ్యాష్‌బోర్డు మీదో డోరు స్తంభం మీదో ఉండే విన్ అనే వాహన గుర్తింపు నంబరు. 17 అక్షరాల ఏకరూప నంబరు 1981 నుంచే వచ్చింది. అంతకుముందు ఒక్కో కంపెనీది ఒక్కో లెక్క, అవి చెప్పే సంగతులూ వేరువేరు. క్రైస్లర్ కార్లలో ఐదో అక్షరం ఇంజన్‌ని చెప్పేస్తుంది. 1970 ప్లిమత్ 'కుడాలో ఆ చోట ఆర్ ఉంటే అది 426 హెమీతో పుట్టిన కారు, లేకపోతే కాదు. ఫోర్డ్‌లోనూ ఐదో అక్షరమే ఇంజన్ కోడ్. షెవర్లే దగ్గరికి వచ్చేసరికి చిక్కు మొదలవుతుంది. 1972కి ముందు వాళ్ల నంబరు ఆరు సిలిండర్లా, ఎనిమిదా అన్నంతవరకే చెబుతుంది. 1969 కమారో నంబరు 12437తో మొదలైతే అది వీ8 హార్డ్‌టాప్ అని తెలుస్తుంది. జడ్/28 అవునో కాదో తెలియదు. షెవెల్ సంగతి ఇంకా విచిత్రం. 1966 నుంచి 1968 దాకా ఎస్‌ఎస్ 396 ఒక ప్రత్యేక శ్రేణి, నంబరు 138తో మొదలవుతుంది. 1969 నుంచి ఎస్‌ఎస్‌ని ఆప్షన్‌గా మార్చేశారు. అందువల్ల 450 హార్స్‌పవర్‌తో ప్రకటించిన 1970 ఎల్ఎస్6 ఇంజన్ కారు నంబరు, మామూలు వీ8 షెవెల్ మాలిబు నంబరు ఒకే తీరున ఉంటాయి. అందరూ ఎక్కువగా వెతికే కార్లలో ఒకదాని విషయంలోనే నంబరు నోరు విప్పదన్న మాట.

అలాంటప్పుడు కాగితాలే సాక్ష్యం. పాంటియాక్‌కి ఫ్యాక్టరీ బిల్లింగ్ రికార్డుల ప్రతులు పాంటియాక్ హిస్టారిక్ సర్వీసెస్ దగ్గర దొరుకుతాయి. ఫోర్డ్ అయితే 1967 మోడళ్ల నుంచి కంపెనీ డేటా మీద తయారయ్యే మార్టీ రిపోర్టు ఉంది. రుసుము కట్టి విన్ నంబరు పంపితే ఆ కారు ఏ రంగుతో, ఏ ఇంజన్‌తో, ఏ డీలరుకి వెళ్లిందో రాసి ఇస్తారు. ఈ రెండు బ్రాండ్లలో ఆ రిపోర్టు లేకుండా అడ్వాన్సు ఇవ్వడానికి ఏ కారణమూ లేదని నేను గట్టిగా అంటాను. అమెరికాలో అమ్మిన పాత షెవర్లేలకు మాత్రం అలాంటి రికార్డు లేదు, కెనడాలో అమ్మినవాటికే ఉంది. అమెరికా షెవర్లే కొనేవాళ్లు ఆధారపడాల్సింది సీటు స్ప్రింగుల మధ్యో పెట్రోలు ట్యాంకు మీదో ఫ్యాక్టరీ కార్మికులు వదిలేసిన బిల్డ్ షీట్ మీద, వారంటీ పుస్తకంలోని ప్రొటెక్ట్-ఓ-ప్లేట్ అనే లోహపు బిళ్ల మీద, ఇంజన్ బ్లాక్ మీద కొట్టిన అచ్చుల మీద. బ్లాక్ పోతపోసిన తేదీ కారు కూర్చిన తేదీకి ముందు ఉండాలి. కారు ట్రిమ్ ట్యాగ్ మీద 03సి అని ఉంటే అది మార్చి మూడో వారంలో తయారైంది. బ్లాక్ మీద అదే ఏడాది ఏప్రిల్ తేదీ ఉంటే ఆ ఇంజన్ ఆ కారుతో పుట్టింది కాదు. నంబరు కొట్టే చోటును అరగదీసి కొత్త అచ్చులు వేసేవాళ్లూ ఉన్నారు. ఫ్యాక్టరీ యంత్రం వదిలిన సన్నని సమాంతర గీతలు ఆ చోట ఉన్నాయా, నున్నగా చెరిగిపోయాయా అని టార్చి వేసి, భూతద్దంతో చూడాలి. మన ఊళ్లలో స్థలం కొనేటప్పుడు లింకు డాక్యుమెంట్లు, ఈసీ చూడకుండా ఎంత మంచి నేలనైనా ఎవరూ రిజిస్టర్ చేయించుకోరు. అంత పట్టుదల ఇక్కడా కావాలి. ట్రిమ్ ట్యాగులు, బిల్డ్ షీట్లు కూడా కొత్తగా అచ్చేసి అమ్ముతున్న రోజులివి. ఏ ఒక్క ఆధారాన్నీ నమ్మకుండా, ఒకదానితో ఒకటి పొంతన కుదురుతోందా లేదా అని చూసుకోవాలి.

దీనికి ఒక న్యాయమైన అభ్యంతరం ఉంది. నాకు కారు నడపడం కావాలి, మ్యూజియంలో పెట్టడం కాదు, కారు నంబరూ ఇంజన్ నంబరూ కలిస్తే ఏమిటి, కలవకపోతే ఏమిటి అని అడిగేవాళ్లు చాలామంది. నడపడానికి కొనేవాళ్లకు నంబర్లు కలవని కారే మేలని నేనూ ఒప్పుకుంటాను. ఇంజన్ మార్చిన 1968 కమారో రోడ్డు మీద ఇచ్చే ఆనందం ఏమీ తగ్గదు, ధర తగ్గుతుంది. కానీ ఆ తగ్గింపు మీకు దక్కాలంటే నంబర్లు కలవవని బేరానికి ముందే మీకు తెలిసి ఉండాలి. పైగా పుట్టుకలో ఒక భాగం అందరికీ వర్తిస్తుంది. టైటిల్ అనే యాజమాన్య పత్రం మీద ఉన్న విన్, కారు మీద ఉన్న విన్ అక్షరం పొల్లుపోకుండా ఒకటే కావాలి. ఆ పలకను బిగించిన రివెట్లు ఫ్యాక్టరీవి కావాలి. విన్ నంబరును దిద్దడం ఫెడరల్ నేరం. అలాంటి కారు పట్టుబడితే పోలీసులు స్వాధీనం చేసుకోవచ్చు. నంబరు ఇచ్చి పాత ప్రమాదాల చరిత్ర తీసుకునే వాణిజ్య సేవలు 1981, ఆ తర్వాతి కార్లకే పనికొస్తాయి కాబట్టి, రాష్ట్ర మోటారు వాహనాల శాఖలో టైటిల్ సంగతి, అప్పుల సంగతి డబ్బు ఇవ్వకముందే వాకబు చేయాలి.

ఇక రేకు. ఈ కార్ల కాలంలో తుప్పు పట్టకుండా ఫ్యాక్టరీలు తీసుకున్న జాగ్రత్త చాలా తక్కువ. మిషిగన్, ఒహాయో, న్యూయార్క్ లాంటి రాష్ట్రాల్లో శీతాకాలం రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పునీళ్లు కింది రేకులో, రెండు పొరల మధ్య ఇరుక్కుని లోపలి నుంచి తినేస్తాయి. ఆరిజోనా లాంటి పొడి రాష్ట్రాల్లో పెరిగిన కారుకు ఎండకు డ్యాష్‌బోర్డు పగిలి, సీట్లు చిట్లి ఉండొచ్చు. అవన్నీ కొనుక్కొచ్చి వేసుకునేవే. అందుకే చూడ్డానికి నీటుగా ఉన్న ఉత్తరాది కారుకన్నా, వాడిపోయిన ఎడారి కారునే నేను ఎంచుకోమంటాను. ఎక్కడ వెతకాలన్నది కారు నిర్మాణాన్ని బట్టి ఉంటుంది. షెవెల్‌కి విడిగా ఫ్రేము ఉంటుంది, బాడీ దాని మీద కూర్చుంటుంది. మస్టాంగ్‌కి ఫ్రేము లేదు, బాడీయే బరువు మోస్తుంది. తొలితరం కమారో సగం ఇటూ సగం అటూ, ముందు భాగానికి మాత్రం బోల్టులతో బిగించిన సబ్‌ఫ్రేము. క్రైస్లర్ కార్లలో ముందు సస్పెన్షన్‌లోని టార్షన్ బార్ల వెనక కొసలు ఫ్లోరు కింద అడ్డంగా ఉన్న క్రాస్‌మెంబర్‌లో బిగుస్తాయి. అది తుప్పు పట్టిందంటే ముందు చక్రాల బరువును పట్టుకునేదే సడలిపోతున్నట్టు.

అందరికన్నా ఎక్కువ దెబ్బతినేది మస్టాంగ్ కొనేవాళ్లు, అదీ అద్దం కింద కౌల్ అనే చోట. గాలి కోసం పెట్టిన జాలీలోంచి వాననీళ్లు లోపలికి దిగి, పక్కల నుంచి బయటికి పోవాలి. లోపలి గొట్టాల మొదళ్లు తుప్పుపడితే ఆ నీళ్లు కారులోకే కారి, కార్పెట్ కింద ఫ్లోరును కుళ్లబెడతాయి. బయటి నుంచి ఏమీ కనిపించదు. బాగుచేయాలంటే ముందు అద్దం, ఫెండర్లు, డ్యాష్‌బోర్డు విప్పి, స్పాట్ వెల్డులు ఒక్కొక్కటీ తొలిచి పై రేకు లేపాలి. పరీక్ష మాత్రం చాలా సులువు. ఆ జాలీ మీద ఒక బకెట్ నీళ్లు పోసి, డ్యాష్‌బోర్డు కింద తల పెట్టి చూడటమే. దీనికి ఒప్పుకోని అమ్మకందారుతో బేరం అక్కడికి ఆపేయాలి. వినైల్ అతికించిన టాపుంటే దాని కింద బుడిపెలు తగులుతాయేమో చేత్తో తడమాలి, వెనక అద్దం కింది అంచు చూడాలి, డిక్కీలో మ్యాట్ ఎత్తాలి. పెయింటు మందం కొలిచే మీటరు ఖరీదు పెద్దదేం కాదు. ఫ్యాక్టరీ రంగు వంద, నూటయాభై మైక్రాన్ల దగ్గర ఉంటుంది. అది వెయ్యి దాటిందంటే కింద పుట్టీ ఉన్నట్టే. ఆఖరికి కారును లిఫ్టు మీదికి ఎత్తించి తలుపులు తెరిచి మూయాలి. నేల మీద చక్కగా పడిన తలుపు గాల్లో పట్టేస్తే బాడీ బలం పోయిందని అర్థం.

రేకు గురించి ఇంత పట్టింపు దేనికి, ఇప్పుడు అన్ని ప్యానెళ్లూ కొత్తవి దొరుకుతున్నాయిగా అంటారు. నిజమే. 1969 కమారో, 1967 మస్టాంగ్ ఫాస్ట్‌బ్యాక్ లాంటివాటికి మొత్తం బాడీయే కొత్తగా తయారుచేసి అమ్ముతున్నారు. కానీ దొరికేది రేకు. దాన్ని కోసి, కొలిచి, వెల్డింగ్ చేసి, తలుపు సందులు సమానంగా తెచ్చే పనితనం గంటల లెక్కన కొనాలి, అమెరికాలో ఆ గంటలు చాలా ఖరీదు. ఆ ఖర్చు ఎంతవుతుందో రేకు విప్పేదాకా ఎవరూ చెప్పలేరు, ఇంజన్ పనికి మాత్రం ముందే లెక్క కట్టొచ్చు. మరో అభ్యంతరం ఇంతకన్నా బలమైనది: అన్నీ పూర్తిచేసిన రీస్టోర్డ్ కారు కొంటే ఈ బాధ ఉండదు కదా? ఉండదు, పని జరుగుతున్నప్పటి ఫొటోలు ఉంటే. రంగు ఊడదీసిన నగ్న రేకు, కోసిన చోట్లు, కొత్తవి అతికించిన చోట్లు కనిపించే ఫొటోలు అడగాలి. మెరిసే రంగు ఉండి ఫొటోలు లేని కారుకన్నా, పెచ్చులూడిన పాత రంగుతో ఉన్న కారే నిజం చెబుతుంది, కింద ఏముందో కంటికి కనిపిస్తుంది కాబట్టి. నిపుణుణ్ణి పెట్టుకోవడం మంచిదే. ఆ నిపుణుడు ఆ మోడల్ తెలిసినవాడై ఉండాలి, వాడుకలో ఉన్న కార్లు చూసే మెకానిక్ చాలడు.

ఇవన్నీ నెగ్గాక ఇంజన్ దగ్గరికి రండి. మీరు వచ్చేదాకా స్టార్ట్ చేయవద్దని ముందే చెప్పి, వెళ్లగానే ఇంజన్ మీద చెయ్యి పెట్టి చల్లగా ఉందో లేదో చూడండి. చల్లటి ఇంజనే తన జబ్బును బయటపెడుతుంది. నీలంరంగు పొగ వదిలితే ఆయిల్ తాగుతున్నట్టు. కంప్రెషన్ పరీక్షలో ఒక సిలిండర్ మిగతావాటికన్నా బాగా తక్కువ చూపిస్తే బోరు పనో, వాల్వుల పనో ఉంది. ఒక్క బ్రేకుల విషయం మాత్రం బండి కదిలించకముందే చూడాలి. 1967కి ముందు కార్లలో ఎక్కువగా మాస్టర్ సిలిండర్‌కి ఒకే గది ఉండేది, ఎక్కడ లీకైనా నాలుగు చక్రాల బ్రేకులూ ఒకేసారి పోతాయి. టైర్ల పక్కన అచ్చువేసిన చివరి నాలుగంకెలు వారాన్ని, ఏడాదినీ చెబుతాయి, గాడులు లోతుగా ఉన్నా పదేళ్లు దాటినవాటితో వేగంగా వెళ్లకూడదు.

ఈ పరీక్షలో ఇంజన్ తప్పిందే అనుకుందాం. కాగితాలు పొంతన కుదిరి, రేకు గట్టిగా ఉండి, ఇంజన్ మాత్రం బోరుకొచ్చిన కారును వదులుకోవద్దు. ఆ ఖర్చు అంచనా వేయించి ధరలో తగ్గించుకోండి. 350 షెవర్లే లాంటి ఇంజన్లు కొత్తవి పెట్టెలో పెట్టి వారంటీతో అమ్ముతున్నారు. కారుతో పుట్టిన బ్లాక్‌ను జాగ్రత్తగా ఆయిల్ పూసి, గ్యారేజీలో స్టాండు మీద దాచి, కొత్తదానితో నడుపుకుంటున్న యజమానులు ఉన్నారు. ఎప్పుడైనా అమ్మాల్సి వస్తే ఆ బ్లాక్‌నూ కారుతోపాటు అప్పగిస్తారు.