కేంద్రం ఎవరు పెట్టారు?

బైబిలును దాని కేంద్ర సందేశం వెలుగులో చదవాలని మన సెమినరీలు బోధిస్తాయి. మాటగా బాగానే ఉంది. ఆ కేంద్రాన్ని ఎవరు పెట్టారని మాత్రం అక్కడ అడగరు.

1522లో కొత్త నిబంధనను జర్మన్‌లోకి తెస్తూ మార్టిన్ లూథర్ క్రీస్తును చాటడమే కొలత అన్నాడు. విశ్వాసం వల్లనే మనిషి నీతిమంతుడవుతాడన్నది ఆయన కేంద్రం. యాకోబు పత్రిక ఆ కొలతకు తూగలేదు. ముందుమాటలో దాన్ని గడ్డితో పోల్చి, పుస్తకం చివరికి నెట్టాడు. ఇంతకీ ఆ పత్రిక 5వ అధ్యాయంలో ఏముంది? కోత కోసినవాళ్ల కూలి ఎగ్గొట్టిన ఆసాముల్ని నిలదీయడం ఉంది. లూథర్‌ది పోపుతో తగువు, కూలోడి తగువు కాదు. 1525లో రైతుల తిరుగుబాటు ముదిరాక ఆయన కలం ప్రభువుల పక్షానే నిలబడింది.

మేం చదువుకునే రోజుల్లో కూలి పెంచమని మా వాడంతా పని మానేసింది. ఆ ఆదివారం అయ్యగారు రోమా పత్రిక 13వ అధ్యాయం తీసి, పై అధికారులకు లోబడాలని వాక్యం చెప్పారు. మా అమ్మకు చదువు రాదు. ఇంటికొచ్చి, "అయ్యగారు మన బైబిలు చదివారా, ఆసామి బైబిలు చదివారా?" అంది. మా పరిశోధన ఇప్పటికీ ఆ ప్రశ్న చుట్టూనే తిరుగుతోంది.

అమెరికాలో నల్లజాతి వేదాంతి హోవర్డ్ థర్మన్ అమ్మమ్మ బానిసగా పుట్టింది. ఆమెకూ చదువు రాదు, మనవడే చదివి వినిపించేవాడు. పౌలు పత్రికలు మాత్రం తియ్యనిచ్చేది కాదు, ఎప్పుడో ప్రేమ గురించిన కొరింథీ అధ్యాయం తప్ప. దాసులు యజమానులకు లోబడాలన్న మాటనే యజమాని తెచ్చిన బోధకుడు పదేపదే చెప్పేవాడు. విడుదలొస్తే ఆ భాగం ముట్టనని ఆమె ఒట్టు పెట్టుకుంది. థర్మన్ దీన్ని 1949లో తన పుస్తకంలో రాశాడు. సెమినరీ మెట్టెక్కని ఆ ముసలమ్మ చేసింది లూథర్ చేసిన పనే. ఆయనది వేదాంతమైంది, ఈమెది ముచ్చటైంది!

మన ఒంగోలు కథా ఇలాంటిదే. 1860ల్లో మాదిగల్ని చేర్చుకుంటే మేం రామని పైకులాలవాళ్లు జాన్ క్లఫ్‌కు చెప్పారు. ఆయనా, భార్యా వేర్వేరు గదుల్లో బైబిలు తెరిస్తే, లోకం నీచంగా చూసేవాళ్లనే దేవుడు ఎంచుకున్నాడనే కొరింథీ భాగమే ఇద్దరికీ కనబడిందట. మిషన్ చరిత్రలు దీన్ని అద్భుతమంటాయి. మేమలా అనం. అప్పటికే ఎర్రగుంట్ల పేరయ్య వంటి మాదిగలు గుమ్మంలోకి వచ్చి ఉన్నారు. ఆ భాగాన్ని దాటెయ్యకుండా చేసింది వాళ్లే.

1980ల్లో దళిత వేదాంతానికి బాట వేసిన అరవింద్ పి. నిర్మల్ ద్వితీయోపదేశకాండం 26వ అధ్యాయాన్ని పట్టుకున్నారు. సంచారి పూర్వీకుడు, దాస్యం, మొర, విడుదల. లూథర్ కేంద్రం కన్నా ఇది మాకు దగ్గర. కానీ ఆ విడుదల ఎవరి నేల మీద ముగుస్తుంది? 1989లో ఒసేజ్ ఆదివాసీ రచయిత రాబర్ట్ అలెన్ వారియర్ ఇదే అడిగాడు. ఆ కథలో తమవాళ్లు కనానీయులేనన్నాడు. దీనికి దళిత వేదాంతం జవాబు చెప్పాల్సిందే.

మాకు దొరికిన దారి లూకా 4వ అధ్యాయం. నజరేతులో యేసు బీదలకు సువార్త, చెరలో ఉన్నవాళ్లకు విడుదల అని చదివితే ఊరు మెచ్చుకుంది. ఆ వెంటనే ఆయన సీదోను విధవరాలి గురించి, సిరియావాడైన నయమాను గురించి చెప్పాడు. ఇద్దరూ బయటివాళ్లే, ఆ విధవరాలైతే కనాను వైపు మనిషి. దాంతో సొంత ఊరివాళ్లే ఆయన్ని కొండ అంచుకు ఈడ్చుకుపోయారు. మెచ్చుకోలు దగ్గర ఆగితే అది మన కేంద్రమే, ఇంకొకరికి చోటుండదు.

మా ఊళ్లో మాలల గుడి వేరు, మాదిగల గుడి వేరు. పిల్లనివ్వడం, సమాధుల జాగా కూడా వేరే. రెండు గుళ్లలోనూ ఈ అధ్యాయం చదువుతారు. ఓ క్రిస్మస్‌కు 30వ వచనం దాకా చదవమని అడిగాం. అయ్యగారు 21 దగ్గర ఆపి పాట ఎత్తుకున్నారు.