ఉప్పు మడులు, యాభై ఏళ్ళ ప్లాను

ప్లాను డాక్యుమెంట్లు రాయటం నా వృత్తి. ఇరవై ఏళ్ళుగా క్లయింట్ల కోసం ఎన్ని రాశానో లెక్క లేదు. వాటిని ఎవరైనా మొదటి పది పేజీలు దాటి చదివారన్న నమ్మకమూ లేదు. కథల మీదా కవిత్వం మీదా విమర్శ రాసేవాళ్ళు మనకి బాగానే ఉన్నారు కనక, నేను నాకు తెలిసిన సాహిత్యాన్నే పట్టుకుంటున్నాను.

పుస్తకాలు రెండు. ఒకటి, సౌత్ బే ఉప్పు మడుల పునరుద్ధరణ కోసం 2007లో వెలువడిన యాభై ఏళ్ళ ప్రణాళిక. రెండోది, డాన్ ఎడ్వర్డ్స్ శాన్‌ఫ్రాన్సిస్కో బే జాతీయ వన్యప్రాణి శరణాలయం 2012లో తయారు చేసుకున్న పదిహేనేళ్ళ ప్లాను. ఆ మడుల్లో చాలా భాగం ఈ శరణాలయానివే. పేర్లు కొండవీటి చాంతాడంత ఉన్నాయి కాబట్టి ఇక మీద పెద్ద ప్లాను, చిన్న ప్లాను అంటాను.

శాన్‌ఫ్రాన్సిస్కోలో విమానం దిగబోయే ముందు కిటికీలోంచి ఇటుక రంగులో, పసుపుపచ్చలో గళ్ళు గళ్ళుగా నీళ్ళు కనిపిస్తాయి. మొదటిసారి వచ్చిన అమ్మానాన్నలందరూ "అవేంట్రా?" అని అడిగే ఉంటారు. అవి ఉప్పు మడులు. పందొమ్మిదో శతాబ్దం మధ్యనుంచీ బే అంచున ఉన్న చిత్తడి నేలలకి గట్లు కట్టి ఉప్పు పండించారు. మిగిలిన చోట్ల పూడ్చి ఊళ్ళూ, విమానాశ్రయాలూ, మనం ఉద్యోగాలు చేసే ఆఫీసులూ కట్టారు. మిగిలిందన్నా మిగుల్చుకుందామని పాలో ఆల్టోకి చెందిన ఫ్లారెన్స్ లారివియర్ వంటి వాళ్ళు పట్టుబట్టగా, డాన్ ఎడ్వర్డ్స్ కాంగ్రెసులో మోయగా, 1972లో శరణాలయం చట్టం వచ్చింది. 1995లో ఆయన పేరు పెట్టారు. ఆపైన 2003లో కార్గిల్ కంపెనీ దగ్గర 16,500 ఎకరాలు వంద మిలియన్ డాలర్లకి కొన్నారు. ప్రభుత్వాల డబ్బుకి తోడు హ్యూలెట్, ప్యాకార్డ్, మూర్ ఫౌండేషన్లు తలో చెయ్యి వేశాయి. ఆ మూర్ మన ఇంటెల్ మూరే. బే పక్కన కంప్యూటర్లు సంపాదించినదాంట్లో కొంత బేకి తిరిగి చేరిందన్నమాట.

కొన్నాక ఏం చెయ్యాలి? గట్లు తెగ్గొట్టి ఆటుపోట్లు లోపలికి రానిస్తే చిత్తడి నేల మళ్ళీ పుడుతుంది. రిడ్జ్‌వేస్ రైల్ అనే నీటికోడి, అక్కడ తప్ప ఇంకెక్కడా బతకని ఒక చిన్న ఎలుక బాగుపడతాయి. కానీ నూరేళ్ళకి పైగా ఆ మడులకే అలవాటు పడ్డ పక్షులున్నాయి. స్నోయీ ప్లోవర్ అనే గుప్పెడంత పిట్ట ఎండిన మడి మీదే గుడ్లు పెడుతుంది. ఒకరి ఇల్లు నిలబెడితే ఇంకొకరి ఇల్లు మునుగుతుంది.

పెద్ద ప్లాను నాకు నచ్చింది ఇక్కడే. ఎన్ని మడులు తెరవాలో అది తేల్చి చెప్పదు. తక్కువలో తక్కువ సగం, ఎక్కువలో ఎక్కువ నూటికి తొంభై అని రెండు హద్దులు గీసి, మధ్యలో మెట్లు కట్టింది. ఒక మెట్టు ఎక్కాక పక్షుల్ని లెక్కపెట్టాలి, బురద ఎంత పేరుకుందో కొలవాలి, లెక్క ఏ గీత దాటితే ఆగి ఆలోచించాలో ముందే రాసిపెట్టుకోవాలి. మా సాఫ్ట్‌వేర్ వాళ్ళం ఇదేదో మేమే కనిపెట్టినట్టు మాట్లాడతాం గానీ, మా ప్లానుల్లో "ఇక్కడ ఆగాలి" అనే పేజీ ఉండటం నేను బహు అరుదుగా చూశాను.

కాగితం మీది సంగతి సరే, జరిగింది చూద్దాం. ఆల్విసో దగ్గర ఏ8 అనే మడి ఉంది. గోల్డ్ రష్ కాలంలో బంగారం తీయటానికి పాదరసం కావాలని న్యూ ఆల్మడెన్ గనులు తవ్వారు. ఆ పాదరసం గ్వాడలూపే నది వెంట కొట్టుకొచ్చి ఇక్కడి బురదలో కూర్చుంది. గట్టుకి గండి కొడితే అది లేచి చేపల్లోకీ, చేపల్నించి పక్షుల్లోకీ వెళుతుందని భయం. అందుకని గండి మానేసి ఎనిమిది తలుపుల తూము కట్టారు. 2011లో ఒక తలుపుతో మొదలుపెట్టి, చేపల్లో పాదరసం కొలుచుకుంటూ మిగతావి ఏళ్ళ తరబడి నెమ్మదిగా తెరిచారు. పరిస్థితి తిరగబడితే మూసెయ్యొచ్చు. డెల్టాలో పుట్టినవాళ్ళకి తూముల గురించి నేను చెప్పేదేముంది!

ఏ6 కథ వేరు. 2010 డిసెంబరులో దానికి గండ్లు కొట్టారు. అప్పటికి అందులో ఇరవై వేలకి పైగా కాలిఫోర్నియా గల్స్ కాపురం ఉంటున్నాయి. మిల్పిటాస్ పక్కనున్న చెత్తదిబ్బ మీద తిని బలిసిన పక్షులవి. ఇల్లు మునిగాక చాలా వరకు పక్క మడుల గట్ల మీదకి చేరాయి. ఆ చుట్టుపక్కల గూళ్ళు పెట్టే చిన్న పక్షుల పిల్లలంటే వాటికి మహా ఇష్టం. ఈ ప్రమాదం ప్లానులో లేకపోలేదు, ఉంది. కాకపోతే "ప్రభావం ఉండవచ్చు" అనే భాషలో ఉంది. పుస్తకం పొడుగునా ఇదే ధోరణి. పనులు జరుగుతాయి గాని చేసేవాడు కనపడడు. ఓలోనీ జాతి వాళ్ళు ఈ తీరంలో వేల ఏళ్ళు బతికారు, ఇక్కడ ఉప్పు తీసుకున్నారు. ప్లానులో వాళ్ళు సాంస్కృతిక వనరులు అనే అధ్యాయంలోకి వెళ్ళిపోయారు. మనుషుల్ని వనరులు అనటం మా కార్పొరేట్ల జబ్బే అనుకునేవాణ్ణి.

ఇంకా పెద్ద లోపం డబ్బు దగ్గర. పక్షులు తగ్గితే ఏం చెయ్యాలో మెట్టు మెట్టుకీ ఉంది. డబ్బు తగ్గితే ఏం చెయ్యాలో అంత వివరంగా లేదు. 1997 చట్టం ప్రతి శరణాలయానికీ పదిహేనేళ్ళ ప్లాను ఉండాలంది. ప్లాను ఉండాలన్న చట్టం దాన్ని నడపటానికి మనుషుల్నివ్వలేదు. 2016లో తొమ్మిది కౌంటీల వోటర్లు తమ ఇళ్ళ మీద ఏటా పన్నెండు డాలర్ల పన్ను వేసుకుని బేకి ఇరవై ఏళ్ళపాటు ఊపిరి పోశారు. అది జనం మంచితనం. దాన్ని ప్లాను గొప్పతనం కింద రాసుకోకూడదు.

ఇదంతా చదువుతున్నప్పుడు కొల్లేరు గుర్తు రాకుండా ఎలా ఉంటుంది? 1999లో +5 కాంటూరు దాకా 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యం అన్నారు. 2002లో రాంసర్ జాబితాలో చేరింది. 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో చేపల చెరువుల గట్లని మందుపాతర్లు పెట్టి పేల్చారు. 2008లో శాసనసభ +3కి తగ్గించమని తీర్మానం చేసింది. కేంద్రం వేసిన అజీజ్ కమిటీ +5 ఉండాల్సిందే అంది. ఈలోగా చెరువులు మళ్ళీ లేచాయి. వాదనంతా ఒక అంకె మీద, అయిదా మూడా అని. ఆ గీతకి లోపల రెండెకరాల పట్టా రైతూ ఉన్నాడు, పేదల సొసైటీ చెరువుల్ని లీజుకి పట్టిన ఆసామీ ఉన్నాడు. పేలుడుకి ఇద్దరూ ఒకటే.

అలాగని కాలిఫోర్నియాని నెత్తిన పెట్టుకోను. అక్కడ అమ్మింది ఒక్క కంపెనీ. మడుల మధ్య ఉన్న ఒకే ఒక్క ఊరు, డ్రాబ్రిడ్జ్, 1979 నాటికే ఖాళీ అయింది. పక్షికీ ఎలుకకీ మధ్య తగువు తీర్చటం వేరు, పక్షికీ మనిషికీ మధ్య తీర్చటం వేరు. పెద్ద ప్లానుకి ఆ రెండో పరీక్ష రాలేదు. కొల్లేటిలో ఊళ్ళున్నాయి, పెద్దింట్లమ్మ జాతరుంది, తరాల నాటి జాలర్లున్నారు. అయినా ఏ8 తూము పేజీ మాత్రం ఎవరైనా తెలుగు చేసి అక్కడి పంచాయతీలకి పంపితే బావుండును. ఎన్ని చెరువులు ముందు, ఎవరివి ముందు, తీసేసిన జీవనం బదులు ఏమిటి, నీళ్ళు బాగుపడ్డాయో లేదో ఎవరు కొలుస్తారు అనేవి మెట్టు మెట్టుకీ అడగదగ్గ ప్రశ్నలు.

చిన్న ప్లానుకి 2027తో పదిహేనేళ్ళు నిండుతాయి. కొత్త ప్లాను చిత్తుప్రతి వచ్చినప్పుడు జనాన్ని అభిప్రాయాలు అడుగుతారు. ఫ్రీమాంట్‌లో శరణాలయం ఆఫీసుకి కూతవేటు దూరంలో మనవాళ్ళు వేలమంది ఉన్నారు. నేను రాయబోయే ఉత్తరంలో రెండే ప్రశ్నలుంటాయి. సిబ్బంది సగమైతే ఏ తలుపులు మూస్తారు? ఆ సంగతి ప్లానులో ఏ పేజీలో ఉంది?