ఒక్కసారి చదివి, పిల్లల నోట వినడం

చదివేది ఒక్కసారే. తల్లి లూకా సువార్త పదో అధ్యాయం తెరిచి మంచి సమరయుడి కథను బైబిల్లో ఉన్నది ఉన్నట్టు, నిదానంగా చదువుతుంది. మొదలుపెట్టే ముందు పూటకూళ్ల ఇల్లు అంటే ఏమిటో, దేనారం ఒక రోజు కూలి అని చెబుతుంది. యెరూషలేము నుంచి యెరికోకు దారి కొండల మీదుగా ఎలా దిగుతుందో పటంలో వేలుపెట్టి చూపిస్తుంది. కథ అయిపోగానే పుస్తకం మూసేసి, "ఏదీ, ఇప్పుడు నువ్వు చెప్పు నాన్నా" అంటుంది. ఏడేళ్ళ పిల్లాడు అందుకుంటాడు. యాజకుణ్ణీ లేవీయుణ్ణీ కలిపి ఒకే మనిషిని చేస్తాడు. నూనె గుర్తుంటుంది, ద్రాక్షారసం మరిచిపోతాడు. అంతలోనే, "దెబ్బలు తగిలినతన్ని గాడిద మీద కూర్చోబెట్టాడు కదమ్మా, మరి తను దారంతా నడిచే వెళ్ళుంటాడు" అంటాడు. ఆ మాట సువార్తలో ఎక్కడా లేదు. పిల్లాడు కథలోకి వెళ్ళి చూసి చెప్పిన మాట అది.

తల్లి మధ్యలో అడ్డురాదు, తప్పులు దిద్దదు. వాడు ఆగాక అక్క లేవీయుడి సంగతి కలుపుతుంది. అప్పుడు కావాలంటే తల్లి ఒక ప్రశ్న వేస్తుంది. "దీనివల్ల నువ్వు తెలుసుకున్న నీతి ఏమిటి?" అని మాత్రం అడగదు. మొత్తం పదిహేను, ఇరవై నిమిషాల్లో పాఠం పూర్తి.

చూడ్డానికి ఇంతే. కానీ మంచి పుస్తకాలే పునాదిగా ఇంటి దగ్గర చదువు చెప్పుకునే క్రైస్తవ కుటుంబాల్లో చాలా మందికి ఈ తిరిగి చెప్పడమే ఆయువుపట్టు. రెండోసారి చదవరని తెలిస్తే పిల్లలు చెవులు రిక్కించి వింటారు. అలాగని అందరూ ఏకసంథాగ్రాహులు కానక్కర్లేదు. ఇక్కడ అడిగేది ఉన్న మాటలు ఉన్నట్టు అప్పజెప్పమని కాదు. విన్నదాన్ని వరుసలో పెట్టుకుని, ముఖ్యమైనది ఏరుకుని, తన మాటల్లో చెప్పమని. చెప్పి చూడాలనుకున్న పెద్దవాళ్ళకు అది ఎంత కష్టమో తెలుస్తుంది. ఖాళీలు పూరించే ప్రశ్నపత్రంలో పిల్లవాడికి తెలియనిది ఏదో బయటపడుతుంది. ఇక్కడ వాడికి తెలిసినదంతా బయటపడుతుంది. పదేళ్ళ వయసు వచ్చేసరికి నోటితో చెప్పేదాన్ని కాగితం మీద రాయడం మొదలుపెడతారు. అన్నాళ్ళు నోటితో కూర్చిన వాక్యాలే అప్పుడు వ్యాసాలవుతాయి.

ఈ పద్ధతికి రూపమిచ్చింది షార్లెట్ మేసన్ అనే ఇంగ్లండు ఉపాధ్యాయురాలు. 1842లో పుట్టింది. చిన్న వయసులోనే తల్లిదండ్రులు పోయారు, పెళ్ళి చేసుకోలేదు, బతుకంతా ఇతరుల పిల్లల కోసమే వెచ్చించింది. బ్రాడ్‌ఫర్డ్‌లో తల్లుల కోసం ఆమె ఇచ్చిన ఉపన్యాసాలు 1886లో 'హోమ్ ఎడ్యుకేషన్' పుస్తకంగా వచ్చాయి. మరుసటి ఏడే తల్లిదండ్రుల సంఘం ఒకటి పుట్టింది. 1892లో సరస్సుల సీమలోని ఆంబుల్‌సైడ్‌లో ఉపాధ్యాయినులకు శిక్షణాలయం తెరిచింది. ఇళ్ళలో చదివే పిల్లలకు అక్కడి నుంచి టర్మ్‌కొక పాఠ్యప్రణాళిక పోస్టులో వెళ్ళేది: ఏ పుస్తకం, ఏ పేజీ నుంచి ఏ పేజీ వరకు అని. టర్మ్ చివర పరీక్ష ఉండేది కానీ దానికోసం పునశ్చరణ ఉండేది కాదు. ఫలానాదాన్ని గురించి నీకు తెలిసింది చెప్పు అన్నట్టుండేవి ప్రశ్నలు. రాయడం రాని చిన్నపిల్లలు నోటితో చెబితే తల్లి రాసి పంపేది.

1923లో ఆమె కన్నుమూశాక ఈ బాట క్రమంగా మరుగున పడింది. అమెరికాలో దానికి మళ్ళీ ప్రాణం పోసింది సూసన్ షేఫర్ మెకాలీ 1984లో రాసిన 'ఫర్ ద చిల్డ్రన్స్ సేక్'. ఇంగ్లండులో తన కూతుళ్ళు చదివిన చిన్న బడిలో మేసన్ పద్ధతిని ఆమె కళ్ళారా చూసింది. సరిగ్గా అదే కాలంలో అమెరికాలో క్రైస్తవ తల్లిదండ్రులు ఇంటి చదువు హక్కు కోసం కోర్టుల్లోనూ శాసనసభల్లోనూ పోరాడుతున్నారు. 1993 నాటికి యాభై రాష్ట్రాల్లోనూ అది చట్టసమ్మతమైంది. హక్కు సరే, ఇంట్లో ఏం చదివించాలన్నప్పుడు ఈ పాత టీచరమ్మ పుస్తకాలు మళ్ళీ అచ్చయ్యాయి.

మంచి పుస్తకం అంటే ఆమె లెక్కలో ఒక మనిషి తన విషయం మీద మనసుపడి రాసింది. పదిమంది కమిటీ కూర్చుని నాలుగు ముక్కల్లో కుదించి, చివర ప్రశ్నలు తగిలించింది కాదు. అలాగని అన్నీ కథల పుస్తకాలే అనుకోకూడదు. నీటిబొట్టు, సూర్యకిరణం గురించి అరబెల్లా బక్లీ 1879లో పిల్లల కోసం రాసిన విజ్ఞాన పుస్తకం ఈ ఇళ్ళలో ఈనాటికీ కనిపిస్తుంది. పెద్ద పిల్లలు ప్లూటార్క్ జీవితచరిత్రల్లో ఒక్కో మనిషిని ఒక్కో టర్మ్ అంతా చదువుతారు. బన్యన్ 'యాత్రికుని ప్రయాణం' వారానికి కొన్ని పేజీల చొప్పున నెలల తరబడి సాగుతుంది. ఒకేసారి పది పుస్తకాలు నడుస్తుంటాయి, అన్నీ నెమ్మదిగానే. ఆబగా మింగిన పుస్తకం నిలవదని ఆమె నమ్మకం. ఆసక్తి రేగిన చోట ఆపి వారం ఆగడం పిల్లలకు శిక్షలా ఉంటుంది నిజమే, కానీ ఆ వారమంతా కథ వాళ్ళ ఆటల్లోకి చొరబడుతుంది.

ఇక క్రైస్తవం సంగతి. ఫ్లోరెన్స్ నగరంలో సాంతా మరియా నొవెల్లా చర్చి పక్కన ఒక ప్రార్థనా మందిరం ఉంది. పద్నాలుగో శతాబ్దంలో ఆంద్రేయా ది బొనైయుతో దాని గోడల నిండా చిత్రాలు వేశాడు. ఒక గోడ మీద తోమా అక్వినాస్ సింహాసనం మీద కూర్చుని ఉంటాడు. పైన కప్పు మీద పెంతెకొస్తు దృశ్యం, దిగివస్తున్న పరిశుద్ధాత్మ. కింద విద్యలన్నీ స్త్రీ రూపాల్లో వరుసగా కూర్చుని ఉంటే, వాటి పాదాల దగ్గర ఆ విద్యల్లో ఆరితేరినవాళ్ళు: రేఖాగణితానికి యూక్లిడ్, అలంకారశాస్త్రానికి సిసెరో. ఈ ఇద్దరూ క్రైస్తవులు కారు. ఆ చిత్రంలో మేసన్ తన విశ్వాసానికి కీలకం కనుక్కుంది. లెక్కలైనా వ్యాకరణమైనా సంగీతమైనా మనిషి మనసుకు నేర్పేది దేవుని ఆత్మే, నేర్చుకునేవాడు ఎవడైనా సరే. 1896లో ఆ సంగతి పుస్తకంలో రాసింది.

నాకు ఆమె పద్ధతి మొత్తానికి వేరు ఇక్కడే కనిపిస్తుంది. నేర్పేది దేవుడే అయితే తల్లి పని వివరించి విసిగించడం కాదు, మంచి పుస్తకాన్ని బిడ్డ ముందుంచి పక్కకు తప్పుకోవడం. పాఠం చివర నీతి అడగకపోవడానికి కారణం అదే. బైబిలుకు బదులు బైబిలు కథల బొమ్మల పుస్తకంతో సరిపెట్టకపోవడానికి కారణమూ అదే. ఇంకొకటి కూడా దీన్నుంచే వస్తుంది: క్రైస్తవ ఇంటి పుస్తకాల బీరువా అంటే క్రైస్తవ పుస్తకాలు మాత్రమే ఉండే బీరువా కాదు. భక్తి పేరు చెప్పి లోకం మొత్తానికి తలుపులు వేసుకునే ఇంటి చదువులు ఉన్నాయి. వాటికి మేసన్ పేరు తగిలించడం న్యాయం కాదు.

పాత పుస్తకం కాబట్టి మంచి పుస్తకమే అనుకోవడం మరో ప్రమాదం. అమెరికా క్రైస్తవ ఇంటి బడుల్లో జి. ఎ. హెంటీ నవలలకు గిరాకీ ఎక్కువ. అందులో ఒకటి 1884 నాటి 'విత్ క్లైవ్ ఇన్ ఇండియా'. సాహసం, దేశభక్తి, దైవభీతి అంటూ పిల్లల చేతికిస్తారు. ఈస్టిండియా కంపెనీ సైన్యాలు తిరిగిన ఆ నేల మనది. 1758 డిసెంబరులో పిఠాపురం దాపున చందుర్తి దగ్గర క్లైవ్ పంపిన ఫోర్డ్ సేన ఫ్రెంచివారిని ఓడించింది. 1759 ఏప్రిల్‌లో మచిలీపట్నం కోట పట్టుకుంది. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న తెలుగు పిల్లవాడు తన తాతల ఊళ్ళ చరిత్రను క్లైవ్ వీరగాథగా మొదటిసారి చదవడం నాకు బాధగా ఉంటుంది. పదేళ్ళవాడికి నేను ఆ పుస్తకం ఇవ్వను. పద్నాలుగేళ్ళు వచ్చాక, మన చరిత్రకారుల పుస్తకం పక్కన పెట్టి, రెండూ చదివించి రెండిటినీ తిరిగి చెప్పమంటాను.

మన తెలుగు క్రైస్తవ ఇళ్ళల్లో దీనికి కావలసిన అలవాట్లు సగం ఉన్నాయి. కుటుంబ ప్రార్థన ఉంది, కంఠత వాక్యాలున్నాయి, పురుషోత్తమ చౌదరి కీర్తనలున్నాయి. లేనిదల్లా పిల్లల్ని చెప్పనివ్వడం. వాక్యం చదవగానే పెద్దవాళ్ళే వివరణ అందుకుంటారు. పుస్తకాలకూ మరీ అంత కరువు లేదు. జాషువా 'క్రీస్తు చరిత్ర'కు 1964లో సాహిత్య అకాడెమీ పురస్కారం వచ్చింది. ఎన్ని క్రైస్తవ కుటుంబాల్లో దాన్ని పిల్లలకు బిగ్గరగా చదివి వినిపిస్తున్నారు? ఆయనదే 'గబ్బిలం' కాస్త పెద్దయ్యాక చదవాలి, తప్పక చదవాలి. 1912లో దోర్నకల్‌కు బిషప్ అయిన అజరయ్య, ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవి పొందిన తొలి భారతీయుడు. ఆయన జీవితం ఒక టర్మ్‌కు సరిపడేంత ఉంది. వేమన పద్యం చదవడానికి సంకోచించేవాళ్ళు ఫ్లోరెన్స్ గోడ మీది సిసెరోను తలచుకోవచ్చు.

ఎక్కాలూ భిన్నాలూ కథల పుస్తకాలతో రావు, రోజూ చేయించాల్సిందే. మేసన్ కూడా లెక్కలకు వేరే సమయం పెట్టింది. విదేశాల్లో పెరిగే పిల్లలు తెలుగులో విని సగం ఇంగ్లీషులో చెబుతారు. చెప్పనివ్వాలి. భాష దిద్దడానికి అది సమయం కాదు. రేపు అదే పిల్లాడికి తప్పిపోయిన కుమారుడి కథ చదివితే, పందుల మేతను ఇంగ్లీషులో చెప్పి, "నాన్నా" అన్న పిలుపును తెలుగులోనే ఉంచుతాడేమో. తల్లి అప్పుడూ పుస్తకం మూసుకుని వినాలి.