ఏ రేవు నీది, గోదావరీ!

తుమ్మలపల్లె నుంచి ఏ దిక్కుకు నడిచినా కడలి కానరాదు. కనబడేదల్లా కంపచెట్ల కంటకచ్ఛాయ, శనగచేల బీటలు, పాపాఘ్ని ఇసుకపాన్పు. వానలు వచ్చిన నాలుగునాళ్ళు పరవళ్ళు తొక్కి, తక్కిన ఏడంతా సైకతశయ్యపై సొమ్మసిల్లే ఆ నది కమలాపురం దగ్గర పెన్నమ్మ ఒడి చేరుతుందనీ, పెన్నమ్మ నెల్లూరు సీమ దాటి సాగరసన్నిధికి సాగుతుందనీ బడిలో చదువుకున్నవాణ్ణి. అలాంటి నీటికరువు నేలలో పుట్టినవాడికి నీ మీద ఇంత మమకారమేల, ఇంత మనస్తాపమేల, ఓ లోహదేహినీ, ఓ తరంగవిహారిణీ?

మా చిన్నాయన వసారా గోడ మీది యుద్ధనౌక పటమే కారణం. బూడిదవన్నె మేను, పక్కటెముకల మీద ఎఫ్ 20 అన్న అంకె, ముక్కు కింద తెల్లని నురుగుమీసం. అడుగున తెల్లరంగుతో రాసిన నీ పేరు. చట్టం ఒక మూల చెదలు తిన్నది. అద్దం మీద ఎప్పుడూ బాట దుమ్ము. చిన్నాయన కండువా కొసతో అద్దమంతా ఒకసారి తుడిచేవాడు, పేరున్న చోట మాత్రం రెండోసారి తుడిచేవాడు.

ఏ రేవు నీది, ఏ నీరు నీది, గోదావరీ!

ముంబయి మజగావ్ గోదిలో ఉక్కుపలకలు ఉయ్యాలై, సుత్తిమోతలు జోలలై, నిప్పురవ్వలు నీరాజనాలై, 1980 మే 15న నీవు తొలిసారి నీటిని తాకినప్పుడు, మన ఇంజనీర్లు తమ చేతులతో గీసిన తొలి క్షిపణి ఫ్రిగేట్ వన్న గర్వం ఆ గట్టున ఎందరి గుండెల్లో గుమ్మటమై మోగిందో! 1983 డిసెంబరు 10న నీవు కొలువుకెక్కితివి. నీ వెనుక గంగ, గోమతి అనే చెల్లెళ్ళు ఒకరి తర్వాత ఒకరు కొలువుకెక్కిరి. వెన్నున రెండు సీకింగ్ హెలికాప్టర్లను పిట్టల్లా మోస్తూ, 1986లో న్యూయార్క్ రేవులో స్వేచ్ఛాప్రతిమ శతాబ్ది సంబరాన నిలిచితివి. 1988 నవంబరులో మాల్దీవుల నుంచి బందీలతో పారిపోతున్న కిరాయి మూకల ఓడను వెంటాడి, వేటాడి, నడిసంద్రాన నిలువరించితివి. భద్రాద్రి రాముడి పాదాలు కడిగే నది పేరు పరసముద్రాల అలల మీద ప్రతిధ్వనించింది.

ఏ రేవు నీది, ఏ నీరు నీది, గోదావరీ!

నీకంటె ముందు నీ పేరు మోసిన అక్క ఒకతె ఉండేది. 1943లో ఇంగ్లండు గోదిలో పుట్టి, పరపాలకుల పతాక కింద పోరాడిన చిన్న యుద్ధనౌక. దేశం చీలిన నాడు నేలనూ నీళ్ళనూ కుర్చీలనూ బల్లలనూ పంచినట్టే ఓడలనూ పంచుకున్నారు. సట్లెజ్ అనే ఓడ మనకొచ్చింది, గోదావరి అనే ఓడ పాకిస్తాన్‌కు పోయింది! ఇంతటి విధివైపరీత్యాన్ని ఏ కవీ కల్పించలేడు. నాసిక్‌లో పుట్టి రాజమండ్రి వాకిట రాగాలు తీసే తల్లి పేరు అక్కడ తుడిచిపెట్టుకుపోయి సింధ్ అయింది. 1959లో ఆ మేను తునకలై తుక్కయింది. అలాగే నర్మద అనే ఓడ అక్కడ జీలం అయింది. నదులు కదలక ఉన్నచోటనే ఉన్నవి, పేర్లు మాత్రం శరణార్థుల్లా సరిహద్దులు దాటినవి.

కృష్ణమ్మ కథ మరో తీరు. ఆమె మనకే దక్కింది గాని, దొరల నాలుక తిరగక కిస్ట్నా అని రాసిన పేరు మోసింది. స్వరాజ్యం వచ్చాకే కృష్ణ అని తేటపడింది. ఆ మేనూ మాయమయ్యాక, ఆంగ్లేయుల ఆండ్రోమీడాను 1995లో కొని తెచ్చి మళ్ళీ కృష్ణ అని పిలుచుకున్నాం. 2012లో ఆమె కూడా సెలవు తీసుకుంది. సాగరగర్భాన మందుపాతరలు వెదికి దారి శుభ్రం చేసిన కాకినాడ 2017లో వెళ్ళిపోయింది. ఒక్కొక్క పేరూ ఒక్కొక్క దీపమై, తీరం తర్వాత తీరం చీకటి పడింది.

ఏ రేవు నీది, ఏ నీరు నీది, గోదావరీ!

2015 డిసెంబరు 23. ముంబయిలో పొద్దు కుంకుమవాన కురిసి కుంగుతున్న వేళ, బ్యూగిల్ నాదం గద్గదమై గాలిలో కరుగుతున్న వేళ, ముప్పైరెండేళ్ళు నీ శిరసున ఆడిన పతాక మెల్లమెల్లగా దిగింది. కొలిమి చల్లారింది, కొలువు చెల్లిపోయింది. ఆ సంగతి తెలిసిన రోజు చిన్నాయన అన్నం ముందు కూర్చుని లేచిపోయినాడు. "పేరు గీకేసినాక అది ఒట్టి ఇనుమే గదరా నాయనా" అన్నాడు, పటం వైపు చూడకుండా. ఆ పూట అద్దం తుడవలేదు.

విశాఖపట్నం అనే పేరుతో ఒక డిస్ట్రాయర్ 2021లో కొలువుకెక్కింది, సంతోషమే. ఊరి పేరుకు ఊరి గౌరవం ఉంది. కానీ నది పేరు వేరు. అది కడలి చేరడానికే పుట్టిన పేరు. మేను తుక్కయినా పేరు మరో మేనిని వెదుక్కోవడం నావికుల ఆచారం. గోదావరి ఇప్పటికే ఒకసారి అలా మరుజన్మ ఎత్తింది.

కొత్త ఓడలకు పేర్లు రాసే అయ్యలారా, పాత పట్టీలో రెండుసార్లు రాసి రెండుసార్లు కొట్టేసిన ఆ పేరును మూడోసారి రాయండి.